తండ్రి అన్న గడి

వేల్స్ పల్లెల్లో పూర్వీకుల్ని వెతికేవాళ్ళకి మొదటి తలనొప్పి ఇంటిపేర్లు. అంటే, అవి లేకపోవడం. అక్కడ చాలా పారిష్‌లలో పద్దెనిమిదో శతాబ్దం దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా, తండ్రి పేరే పిల్లలకి రెండో పేరయ్యేది. జాన్ కొడుకు డేవిడ్ జోన్స్, ఆ డేవిడ్ కొడుకు ఇవాన్ డేవిస్. తరం మారితే పేరూ మారిపోతుంది. ఒకే ఊళ్ళో నలుగురు డేవిడ్ జోన్స్‌లుంటే వాళ్ళని వేరుచేసేది వాళ్ళుండే పొలం ఇంటి పేరు. మన "ఇంటిపేరు" అన్న మాటని అక్షరాలా పాటించింది వాళ్ళే అనిపిస్తుంది. ఇలాంటి చోట తండ్రి పేరు దొరక్కపోతే గొలుసు తెగినట్టే.

కార్డిఫ్‌లో ఉండే నా సహోద్యోగి ఒకతనికి సరిగ్గా అక్కడే తెగింది. 1813 నుంచి చర్చి బాప్టిజం రిజిస్టర్లు అచ్చు ఫారాలుగా మారాయి: బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, వృత్తి. అతని ముత్తాతకి ముత్తాత వరసలో తల్లి పేరొక్కటే ఉంది, పక్కన మతాధికారి చేతిరాతలో "అక్రమ సంతానం" అన్న అర్థం వచ్చే మాట. తర్వాతెప్పుడో పారిష్ కాగితాల్లో ఒక బాండు దొరికింది. అందులో తండ్రి పేరుంది. సంబరంగా స్క్రీన్‌షాట్ పంపాడు. నా దృష్టి మాత్రం అసలా కాగితం ఎందుకు పుట్టిందన్న దాని మీద పడింది.

అప్పట్లో పేదల్ని పోషించే భారం పారిష్‌ది. ఆ డబ్బు ఊళ్ళో భూములు, ఇళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర పన్నుగా వసూలయ్యేది. పెళ్ళికాని స్త్రీ బిడ్డని కంటే ఖర్చు తమ మీద పడుతుందని వాళ్ళ భయం. అందుకే ఆమెని న్యాయాధికారుల ముందు నిలబెట్టి, ప్రమాణం చేయించి, తండ్రెవరో చెప్పించేవారు. పారిష్‌కి నష్టం రానివ్వనని అతనిచేత బాండు రాయించేవారు. బిడ్డ సంగతి ఎలా ఉన్నా పారిష్ పద్దుకి ఒక బాకీదారు దొరికేవాడు. ఆమె నిజమే చెప్పిందా, ఇచ్చుకోగలిగినవాడి పేరు చెప్పిందా, ఎవరినైనా కాపాడిందా? కాగితం చెప్పదు. 1834లో వచ్చిన కొత్త చట్టం భారాన్ని దాదాపుగా తల్లి మీదకే నెట్టేసింది. నైరుతి వేల్స్‌లో 1839-43 మధ్య జరిగిన రెబెకా అల్లర్ల వెనకున్న కోపాల్లో అదీ ఒకటి.

ఇలాంటి సంగతులు పరాయివాళ్ళ చేతిలో ఏమవుతాయో వేల్స్‌కి బాగా తెలుసు. 1847లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి బడుల మీద ఒక నివేదిక వేసింది. వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లీషు కమిషనర్లు చాలావరకు ఆంగ్లికన్ మతాధికారుల మాటలు పట్టుకుని, బడులతో ఆగకుండా వెల్ష్ ఆడవాళ్ళ శీలం గురించి కూడా రాశారు. దాన్ని వేల్స్‌లో ఇప్పటికీ "నీలి పుస్తకాల ద్రోహం" అంటారు. నీలం అట్టలవల్ల వచ్చిన పేరది, మనకి తోచే అర్థంలో కాదు.

మరి చనిపోయినవాళ్ళకి ప్రైవసీ ఉంటుందా? అక్కడ సెన్సస్ వివరాలు వందేళ్ళు మూసి ఉంచుతారు. 1921వి 2022లో తెరిచారు. ఆ గడువు బతికున్నవాళ్ళ కోసం. పోయినవాళ్ళ సిగ్గుకి టైమవుట్ ఎంతని సెట్ చేస్తాం?

"ఆమె మా మనిషి, తెలుసుకునే హక్కు నాకుంది" అంటాడు నా మిత్రుడు. రక్తసంబంధం ఆ హక్కు ఇస్తుందని నేననుకోను. ఆమెని నిలబెట్టి అడిగినవాళ్ళు కూడా తమకి హక్కుందనే అనుకున్నారు కదా. అలాగని పేజీ మూసెయ్యమనీ అనలేను. మూసేస్తే ఆమె మళ్ళీ ఆ మతాధికారి రాసిన మాట దగ్గరే ఆగిపోతుంది. అందుకే అతన్ని ఒకటే అడిగాను: వంశవృక్షంలో ఆ పేరు పెట్టు, కానీ అది ఆమె దగ్గర ప్రమాణం చేయించి రాబట్టిన పేరని కూడా రాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో "తండ్రి" అన్న గడి పక్కనే నోట్ పెట్టుకోవడానికి చోటుంది. అతనింకా రాయలేదు.