మూగజీవముకై దుఃఖము

పెంచిన జంతువు మరణించినప్పుడు మనుష్యుడు దుఃఖించుట ధర్మమా, మోహమా? ఈ ప్రశ్నను హాస్యముగా దలచి త్రోసివేయువారు పెక్కుమంది గలరు. పిల్లలేడ్చిన "ఇంకొకటి తెత్తములే" యని యూరడింతురు; పెద్దలేడ్చిన నవ్వుదురు. నవ్వుటతో ప్రశ్న తీరునా?

మానుకోటయందు, అనగా నేటి మహబూబాబాదునందు, నాకు మిత్రుడొకడు గలడు. నావలెనే బడిపంతులు. జీతములో నాలుగవపాలు పుస్తకములకే పోవును. వేసవి వచ్చినంతనే మిద్దెపై చాపలు పరచి గ్రంథముల నెండబెట్టుట, పుటల నడుమ వేపాకు లుంచుట, చెదలు పట్టకుండ బీరువా కాళ్లకు కిరసనాయిలు పూయుట, ఇవి యాతని నిత్యకృత్యములు. అట్టల జిగురునకై యెలుకలు చేరుచున్నవని యొక పిల్లిని తెచ్చెను. పండ్రెండేండ్లు అది యా గదిని కాచినది. అతడు చదువుచుండగా తెరచిన పుటమీదనే పండుకొని, తాను లేచువరకు పుట త్రిప్పనిచ్చెడిది కాదు. గత యాషాఢమున జబ్బుచేసి చనిపోయినది. ఎనిమిది దినములు మిత్రుడు పుస్తకము ముట్టలేదు. పరామర్శకు వచ్చిన పండితుడొకడు, "అయ్యా, భాగవతము చదివియు నిట్లు వగచెదవా? లేడిపిల్లను పెంచి భరతుడేమయ్యెనో యెరుగవా?" యని మందలించెను.

ఈ మందలింపు మన యిండ్లలో క్రొత్తది కాదు. జనగామ ప్రాంతమున మరియు నెక్కువ. ఏలయన పోతనగారి బమ్మెర యిచ్చటనే, పాలకుర్తి చెంతనే యున్నది. (భరతుని కథ గల పంచమస్కంధము పోతన రచన కాదు, గంగన రచన. ఈ మాట యన్నచో మావారు నొచ్చుకొందురు గాని, నిజము నిజమే.) కథ యందర మెరుగుదుము, కాని కథ నెరుగుట వేరు, చదువుట వేరు.

రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేసికొను భరతుని కన్నులయెదుట, సింహగర్జనకు బెదరిన నిండుచూలాలగు లేడి యేటిపై కెగిరి, పిల్లను నీట జారవిడిచి, ఆవలి గట్టున ప్రాణము విడిచెను. కొట్టుకొనిపోవు పిల్లను అతడు పట్టి తెచ్చెను. ఇది దోషమా? దాని నట్లే విడిచి జపము సాగించినవానిని మహర్షి యని కొలువగలమా? దోషము తరువాత వచ్చినది. ఆ యడవిలో లేళ్లెన్ని లేవు? ఆతనికి మాత్ర మొక్కటే కానవచ్చెను. ఒకనాడది తిరిగి రాకున్న తోడేలు తినెనేమో యని విలపించెను. తుదకు దానినే తలచుచు మరణించి లేడియై పుట్టెను. దీనిని శిక్ష యందురు. నిజమే, అయితే సంస్కృతమున శిక్ష యనగా చదువు కూడ గదా.

మరియొక విషయము. ఆ పండితుడే శాకుంతలము నాలుగవ యంకము పాఠము చెప్పునప్పుడు, పెంపుడు లేడిపిల్ల శకుంతల కొంగు పట్టి లాగుచోట కన్నులు తుడుచుకొనును. అప్పుడాతడు రసికుడు. సిరాతో వ్రాసిన లేడికై కార్చిన కన్నీరు రసమును, ఊపిరి గల పిల్లికై కార్చినది మోహమును నెట్లగునో నాకు బోధపడదు.

మనుష్యులే బాధపడుచుండ పిల్లికై యేడ్వనేల యను నాక్షేపణ యింతకంటె బలమైనది. పిల్లిని భారతముపై నిదురింపనిచ్చి, పాలేరు బిడ్డను గడపవద్దనే నిలుపు గృహస్థుని దుఃఖమును నేను సమర్థింపను. అట్టివారు గలరు, మనలోనే గలరు. అయితే లోపము పిల్లిని ప్రేమించుటయందున్నదా, బిడ్డను ప్రేమింపకుండుటయందున్నదా? ఆంగ్లకవి బైరను 1808లో వెర్రిపట్టిన తన కుక్కకు నిర్భయముగా నుపచారము చేసి, అది చచ్చిన పిమ్మట న్యూస్టెడునందు సమాధి కట్టించెను. లోకము నవ్వియుండవచ్చును. గ్రీకుల స్వాతంత్ర్యమునకై వెడలి 1824లో పరదేశమున మరణించినవాడును ఆ బైరనే. ఒకచోట కరగిన హృదయము వేరొకచోట గడ్డకట్టునను నియమ మేదియు లేదు.

భరతుని కథను మందలింపునకై వాడువారు లేడిజన్మముతోనే గ్రంథము మూసివేయుదురు. దాని తరువాత నింకొక జన్మము గలదు. జడునివలె తిరుగుచున్న యాతనిని రహూగణ మహారాజు భటులు పట్టి పల్లకి మోయించిరి. అతడు కాలి క్రింద నే ప్రాణియు నలుగకుండ బాణము పొడవు ముందు చూచికొని యడుగు వేయుచుండెను, పల్లకి కుదిపెను. ఒక్క లేడిని తప్ప మరేమియు చూడలేకపోయిన కన్నులకు ఇప్పుడు చీమలును గానవచ్చుచున్నవి! లోనున్న రాజునకు మాత్రము చీమయు గానరాలేదు, మోయుచున్న మనుష్యుడును గానరాలేదు. "పాపము, అలసితివి, ముసలివాడవు" అని యెగతాళి చేసెను. ఆ బోయీ మెల్లగా బదులు చెప్పసాగెను. కొంత విని రాజు పల్లకి దిగి యతని పాదములపై వ్రాలెను.