పస్కా నుంచి ఈస్టర్ దాకా

యూదుల పస్కా నీసాను నెల 14వ నాటి సాయంత్రం మొదలవుతుంది. ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు విడుదలైన రాత్రిని తలచుకునే పండుగ ఇది. నిర్గమకాండం ప్రకారం గొర్రెపిల్ల రక్తం పూసిన గుమ్మాలను మరణం దాటిపోయింది. పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక జనం పులియని ముద్దతోనే బయలుదేరారు. యేసు యెరూషలేములో సిలువ వేయబడింది ఈ పండుగ రోజుల్లోనే. అందుకే ఆయన పునరుత్థాన పండుగ ఈస్టర్‌కు పుట్టిల్లు పస్కా.

అయితే సరిగ్గా ఏ రోజున అన్న విషయంలో సువార్తలు ఏకీభవించవు. మత్తయి, మార్కు, లూకాల కథనంలో యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం పస్కా విందే. యోహాను మాత్రం ఆ విందుకు ముందే, గొర్రెపిల్లలను వధించే సిద్ధపాటు రోజున సిలువ మరణం జరిగిందంటాడు. ఈ రెంటినీ సరిపెట్టడానికి ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. యోహాను రచనలోని అర్థం మాత్రం స్పష్టం: ఇక్కడ గొర్రెపిల్ల యేసే. పౌలు అంతకు ముందే కొరింథు సంఘానికి రాస్తూ క్రీస్తును పస్కా బలి అన్నాడు.

తొలి క్రైస్తవుల్లో ఆసియా మైనరు సంఘాలు వారంతో నిమిత్తం లేకుండా నీసాను 14నే ఈస్టర్ చేసుకునేవి. రోములో ఆదివారమే ఆచారం. 2వ శతాబ్దం మధ్యలో స్ముర్న బిషప్ పోలికార్పు రోముకు వెళ్లి అక్కడి బిషప్ అనికేతుతో చర్చించాడు. ఎవరి పద్ధతి వారిదే అయింది, సహవాసం మాత్రం తెగలేదు. ఆ ఓర్పు తరవాతి కాలంలో నిలవలేదు. 325లో నికేయా మహాసభ సంఘాలన్నీ ఒకే రోజున, యూదుల లెక్కపై ఆధారపడకుండా పండుగ చేసుకోవాలని నిర్ణయించింది. ఆ సందర్భంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పంపిన లేఖ యూదులను కఠినంగా నిందించింది. తేదీ విడిపోవడం వెనుక ఖగోళ గణితంతో పాటు ఈ ద్వేషం కూడా ఉందన్నది దాచకూడని చరిత్ర.

యూదుల పంచాంగం మన అధికమాసం తీరులోనే నడుస్తుంది: 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల కలుపుతారు. ఈస్టర్ మార్చి 21న గాని ఆ తరవాత గాని వచ్చే, సంఘం లెక్కగట్టిన పున్నమి దాటిన మొదటి ఆదివారం. అందుకే 2024లో పాశ్చాత్య సంఘాల ఈస్టర్ మార్చి 31న వస్తే, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. జూలియన్ లెక్కను పాటించే ఆర్థడాక్సు సంఘాలకు ఈస్టర్ మే 5.

తేదీల కన్నా లోతైన తేడా విమోచన గురించిన ఆలోచనలో ఉంది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి. పస్కా ఇంటి భోజనాల బల్ల దగ్గరికి చేరింది. పిల్లలు ప్రశ్నలడుగుతారు, పెద్దలు హగ్గాదా అనే పస్కా పుస్తకం చదువుతూ ఆ కథ చెబుతారు. నాలుగు పాత్రల ద్రాక్షారసం, చేదు ఆకులు, పులియని రొట్టె ఆ రాత్రి ఆనవాళ్లు. ప్రతి తరమూ ఐగుప్తు నుంచి తానే బయటికి వచ్చినట్టు భావించాలని యూదుల ప్రాచీన ధర్మసంకలనం మిష్నా విధిస్తుంది. అంతిమ విడుదలకు ముందు వస్తాడని నమ్మే ఏలీయా ప్రవక్త కోసం ఒక పాత్ర నింపి ఉంచుతారు, తలుపు తెరుస్తారు. అంటే ఆ విడుదల ఇంకా రావలసే ఉంది. ఈస్టర్ విశ్వాసం ప్రకారం మాత్రం నిర్ణాయకమైన విడుదల యేసు ఖాళీ సమాధి దగ్గర జరిగిపోయింది. అక్కడ ఓడింది ఫరో కాదు, మరణం. యూదులకు ఇది ఒక జనం పొందిన స్వేచ్ఛ. క్రైస్తవులకు నమ్మిన ఏ జనానికైనా అందే కొత్త జీవం. అందుకే పూర్వం ఈస్టర్ జాగరణ రాత్రే బాప్తిస్మమిచ్చేవారు.

ఇటీవల కొన్ని చర్చిలు యేసు చివరి భోజనమంటూ యూదుల పస్కా విందును అనుకరిస్తున్నాయి. ఆ ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని నేటి విందు క్రమంలో చాలా భాగం దేవాలయం కూలిన తరవాత రూపుదిద్దుకున్నది. యేసు బల్ల దగ్గర అదే జరిగిందనడం చారిత్రకంగా నిలవదు.

పస్కా రెండో రోజు నుంచి యూదులు 49 రోజులు లెక్కపెట్టి, 50వ రోజున వారాల పండుగ జరుపుతారు. మొదట అది గోధుమ ప్రథమ ఫలాల పండుగ. తరవాత సీనాయి కొండపై ధర్మశాస్త్రం అందిన రోజుగా స్థిరపడింది. క్రైస్తవుల పెంతెకొస్తు కూడా ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే 50వ రోజే, పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినం. అపొస్తలుల కార్యాల్లో ఆనాడు నానా దేశాల యూదులు యెరూషలేములో గుమికూడి కనిపిస్తారు. వారాల పండుగ అప్పట్లో యాత్రికులను ఆ నగరానికి రప్పించిన మూడు పండుగల్లో ఒకటి.