వశిష్ఠ ఆవలి గట్టున



సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళేటప్పుడు విలియం బౌడెన్, ఎలిజబెత్ దంపతులు ఎప్పుడైనా మీకు జ్ఞాపకం వచ్చారా? ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ వారు. ఆయన రాతిపని మేస్త్రీ. చెప్పులు కుట్టే జార్జి బీర్ దంపతులతో కలిసి 1836లో మన దేశం వచ్చారు. మన సభవారు కారు, బ్రదరన్ వారు. అయితేనేమి?

అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. అది 1852లో గాని పూర్తికాలేదు. వరదలు, కరువులు, జ్వరాలు. పరాయి భాష. 1876లో బౌడెన్ కన్నుమూసేవరకు, సుమారు 40 ఏళ్ళు, ఈ గోదావరి సీమే ఆయనకు ఇల్లు. యౌవనంలో వచ్చినవారికి ఇక్కడే వయసు మళ్ళింది.

గుడారాలు కుట్టుకుని బ్రతికిన అక్విలా, ప్రిస్కిల్లాలు కొరింతులో పౌలుగారికి తమ ఇంట చోటిచ్చారు. వారికీ చేతిపనే ఆధారం.

కువైట్ వెళ్ళిన బిడ్డల ఫోను కోసం ఎదురుచూసే వృద్ధ దంపతులు మన వీధుల్లో ఎందరో! “మా పని అయిపోయింది ఫాదర్‌గారూ” అంటారు. అయిపోయిందా? ఇద్దరూ కూర్చుని జపమాల చెప్పుకుంటున్నారా? పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఈ పూట గంజి తాగిందో లేదో కనుక్కున్నారా?