మానేసిన పనికి ఫలం ఉంటుందా?

విశాఖలో కొత్త కారు కొన్నవాళ్ళు చాలామంది ముందుగా ఆశీలుమెట్ట సంపత్ వినాయక గుడికే తీసుకెళతారు. బానెట్ మీద పసుపు కుంకుమ, పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు, కొట్టిన కొబ్బరికాయ. బండిని ధర్మం పరిధిలోకి తెచ్చుకున్నది మనమే. అలాంటప్పుడు రెండేళ్ళకోసారి దానికి బ్రేక్ ఆయిల్ మార్పించడం కూడా ధర్మానికి సంబంధించిన విషయమే అంటే ఆశ్చర్యం ఉండకూడదు. వారంటీ ఉన్నన్నాళ్ళు ఠంచనుగా సర్వీసింగ్ చేయిస్తాం, రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారేమోనని. గడువు తీరగానే చాలామంది వాయిదా వేస్తారు. మీమాంసకుల మాటల్లో చెప్పాలంటే, ఫలం కోరి చేసే కామ్యకర్మగా దాన్ని చూస్తున్నాం. అది నిత్యకర్మ అని నా వాదన.

నిత్యకర్మ చేస్తే కొత్తగా ఒరిగేదేమీ లేదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, తప్పదని సంప్రదాయంలో ఒక వాదం. బ్రేక్ ఆయిల్ సంగతీ అంతే. మార్చినందుకు మైలేజీ పెరగదు, బండి నడక మారదు. అయితే ఈ వాదానికి శంకరులు గీతాభాష్యంలో గట్టి ఆక్షేపణ చెప్పారు: చేయకపోవడం అభావం, అభావం నుంచి దోషమనే భావపదార్థం ఎలా పుడుతుంది? ఆ ప్రశ్నను దాటేసి ముందుకు పోలేం. మామూలు కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రబ్బరు గొట్టాల గుండా కూడా అది కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. సముద్రపు గాలి ఆడే ఊళ్ళో తేమకు కొదవేముంది? ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ హద్దు 155కు పడిపోతుంది. అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా పెడల్ మీంచి కాలు తీయకుండా దిగితే, బ్రేకుల వేడికి ఆ నీరు ఆవిరి కావచ్చు. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. పెడల్ మెత్తగా అడుగుకు దిగిపోతుంది, చక్రం ఆగదు. శంకరుల తర్కం ఇక్కడ చెక్కుచెదరలేదు: మనం మానేయడం ఆ నీటిని పుట్టించలేదు. అది మన ప్రమేయం లేకుండా రోజూ వచ్చి చేరింది. నా దృష్టిలో దీనివల్ల బాధ్యత మరింత బరువెక్కుతుంది. మనం ఊరుకున్నా ప్రకృతి ఊరుకోదు.

ఇదే నగరం దీన్ని ఘోరంగా చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల కర్మాగారం ఆగి ఉంది. కానీ ట్యాంకులో స్టైరీన్ ఆగలేదు. దానంతట అదే పాలిమర్‌గా మారుతూ వేడెక్కే గుణం దానిది. చల్లదనం, నిరోధక రసాయనం సరిపడా ఉండాలి. ఆ రెండింటి లోపాలనూ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తిచూపింది. యంత్రం ఆగిందంటే పనీ ఆగిందనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

సర్వీస్ సెంటర్లు అవసరం లేనివీ అంటగడతాయి కదా అంటారు. నిజమే, కొన్నిచోట్ల జరుగుతుంది. దానికి మందు ఓనర్స్ మాన్యువల్ చదవడం, ఆయిల్‌లో తేమ ఎంతుందో పరీక్ష చేయించడం. మొత్తానికే మానేయడం కాదు. నిత్యకర్మ పేరుతో చేయాల్సినదానికన్నా ఎక్కువ చేయమని శాస్త్రమూ చెప్పలేదు. ఇంకొందరి వాదన బలమైనది: వారంటీ భయంతోనైనా చేస్తున్నారుగా, ఉద్దేశం ఏదైతేనేం? వారంటీ ఉన్నంతవరకు తేడా తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒప్పందం కంపెనీకీ కొన్నవాడికీ మధ్యది. ఘాట్ దిగువన రోడ్డు దాటేవాళ్ళకు అందులో చోటు లేదు, అయిదేళ్ళ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఆ బండి కొని పిల్లల్ని ఎక్కించుకునేవాడికీ చాలాసార్లు లేదు. ఫలం కోసమే చేసేవాడికి ఫలం గడువు తీరాక వీళ్ళ కోసం షెడ్డుకు వెళ్ళడానికి కారణమే మిగలదు.