చేపకు జబ్బు చేస్తే ముందు నీళ్లు చూడాలి



ధమ్మ బంధువులారా, ఈసారి ఒక చేప గురించి మాట్లాడతాను. నవ్వకండి. పోయిన వైశాఖ పున్నమి వందనకి మా ఇంటికి వచ్చినవాళ్లు హాల్లో గాజుతొట్టి చూసే ఉంటారు. యాభై లీటర్లు పట్టే తొట్టి. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు. ఒరాండా అంటారు ఆ రకాన్ని: గుండ్రటి పొట్ట, తల మీద ముద్దలా కండ, వెనక పరికిణీ అంచులాంటి తోక. అందులో లావుగా ఉన్నదానికి మా పాప లడ్డు అని పేరు పెట్టింది.

పున్నమి అయిన మూడో రోజు చిన్న చేప చచ్చి తేలింది. అదే సాయంత్రం లడ్డు తలకిందులైంది. పొట్ట పైకి, వీపు కిందికి. చచ్చిపోలేదు, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. తిరగబడదామని రెక్కలు ఆడిస్తోంది, మళ్లీ బోర్లా పడుతోంది. పాప ఏడుపు.

పక్కింటి పిన్నిగారు వచ్చి చూశారు. మంచి మనిషి, నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చిన మనిషి. ఆవిడ అన్నారు: "పోనీలేమ్మా, ఏడవకండి. మీ ఇంటి మీదున్న దోషం ఆ చేప తన మీద వేసుకుపోయింది. ఇదీ పోతే మంచిదే. ఇంకో జత తెచ్చుకోండి."

ఈ మాట మీరూ వినే ఉంటారు. వాస్తు అనో, ఫెంగ్‌షుయి అనో చాలామంది ఇళ్లలో చేపల్ని పెట్టేది ఇందుకే. ఇంటి చెడంతా చేప మొయ్యాలి, మోసి చావాలి. పిన్నిగారు వెళ్లాక పాప నన్ను అడిగింది: "అమ్మా, మన పాపం అది మోసిందా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఒకరి మలినం ఇంకొకరు మొయ్యాలి, మోసినవాడు దాంతోనే పోవాలి, మోయించినవాడు శుద్ధి అయిపోవాలి. ఈ లెక్క మనకి కొత్తదా? మా తాత ఊళ్లో చచ్చిన పశువుల్ని మోసినప్పుడు ఊరివాళ్లు వేసిన లెక్క ఇదే కదా. ఆ లెక్క కాదని ధమ్మంలోకి వచ్చినవాళ్లం, నాలుగు అంగుళాల చేప మీద దాన్ని రుద్దుతామా?

"పాపం కాదు నాన్నా, ఏదో కారణం ఉంది. వెతుకుదాం" అన్నాను. ఇది ఉంటే అది కలుగుతుంది, ఇది పోతే అది పోతుంది. విహారంలో పలకడం తేలికే. తొట్టి ముందు కూర్చుని వెతకడమే కష్టం.

ముందు ఒక షాపుకి పరిగెత్తాను. ఆయన ఏమీ అడక్కుండా నీలం మందు సీసా ఒకటి, ఏదో యాంటీబయాటిక్ పొడి ఒకటి చేతిలో పెట్టాడు. పోసేసేదాన్నే. మనసొప్పక ఇంకో కొట్టుకి వెళ్లాను. అక్కడ పనిచేసే కుర్రాడు మొదట అడిగింది చేప గురించి కాదు. "అక్కా, నీళ్లు ఎప్పుడు మార్చారు? ఫిల్టర్ ఎప్పుడు కడిగారు?"

అప్పుడు గుండె జారింది. పున్నమికని ఇల్లంతా కడిగాను. ఆ ఊపులో తొట్టి కూడా కడిగాను. ఫిల్టర్‌లో స్పాంజి గోధుమరంగు జిగటతో అసహ్యంగా ఉంటే, కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. తొట్టి అద్దంలా మెరిసింది. చూసినవాళ్లంతా ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అన్నారు.

కుర్రాడు విడమర్చి చెప్పాడు. చేప తన మొప్పల గుండా ఎప్పుడూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. అది విషం. స్పాంజికి పట్టిన ఆ జిగటలో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బ్యాక్టీరియాని చంపడానికే కలుపుతారు. నేను శుభ్రం అనుకుని కడిగేసింది ఆ పనివాళ్లనే. మళ్లీ ఆ సైన్యం తయారవ్వాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అసహ్యంగా కనిపించేదే ఆ ఇంటిని బతికిస్తోంది. దాన్ని కడిగి పారేసి మెరుపు చూసి మురిసిపోయాను. ఈ ముక్క మన కాలనీలో ఎవరికీ వివరించక్కర్లేదు.

నీళ్లు పరీక్షించే కిట్ ఉంటుంది. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి చుక్కలు వేయాలి. అమ్మోనియా లేకపోతే పసుపుగానే ఉంటుంది, ఉన్నకొద్దీ ఆకుపచ్చకి తిరుగుతుంది. మాది చిక్కటి ఆకుపచ్చ. లీటరుకి రెండు మిల్లీగ్రాముల దాకా. సున్నా ఉండాల్సిన చోట! కంటికి అద్దంలా ఉన్న నీళ్లు అవి.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగిన తర్వాత, అక్కడి సవర్ణులు ఆ చెరువుకి శుద్ధి చేశారు. దేంతో? ఆవుపేడ, ఆవుమూత్రం, పాలు, పెరుగు కుండలతో. కిట్ చేతిలో పట్టుకుని ఆ సంగతి గుర్తొచ్చి ఏడుపులోనూ నవ్వొచ్చింది. పేడా మూత్రం పోస్తే నీళ్లలో పెరిగేది అమ్మోనియాయే. ఆ చెరువులో చేపలుంటే వాటినే అడగాలి మైల ఎవరిదో.

సరే, ఏం చేశామో చెబుతాను. మీలో చేపలున్నవాళ్లకి పనికొస్తుంది.

బాణం దెబ్బ తిన్నవాడి కథ మీకు తెలుసు. బాణం వేసినవాడు క్షత్రియుడా, బ్రాహ్మణుడా, వైశ్యుడా, శూద్రుడా తేలేదాకా బాణం పీకనివ్వను అన్నవాడు ఏమవుతాడని తథాగతుడు అడిగాడు. ఫోన్ పట్టుకుని చేపలకొచ్చే జబ్బుల పేర్లన్నీ చదువుతూ కూర్చోవడం అలాంటిదే. ముందు విషం తియ్యాలి. ఆ రాత్రే సగం నీళ్లు తీసేశాం. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, చేత్తో ముట్టుకుని వేడి సమానంగా ఉందని చూసుకుని నెమ్మదిగా పోశాం. ఆ తర్వాత రోజూ కిట్ చూడ్డం, అవసరమైనంత మార్చడం. మందు సీసాలు మూత కూడా తియ్యలేదు. చాలా మందులు మిగిలిన మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తాయి.

మే నెల, విజయవాడ. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, అమ్మోనియా విషం కూడా ఎండకి పెరుగుతుంది. గాలి పంపు రాత్రీ పగలూ ఆడించాం. కరెంటు పోయినప్పుడు పాపా నేనూ వంతులవారీగా గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోశాం. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకి ఒక గ్రాము చొప్పున, అంటే యాభై గ్రాములు, రెండు మూడు విడతలుగా కరిగించి కలిపాం. నైట్రైట్ రక్తంలోకి ఎక్కకుండా ఉప్పు అడ్డుకుంటుంది. ఒక జాగ్రత్త: ఉప్పు ఆవిరి కాదు. సగం నీళ్లు మారిస్తే ఆ సగానికి సరిపడా ఇరవై అయిదు గ్రాములే మళ్లీ వెయ్యాలి. నేను మొదటిసారి మొత్తం వేయబోయాను, పాప ఆపింది. లెక్కల్లో నాకన్నా నయం.

రెండు రోజులు మేత పెట్టలేదు. ఇది అందరికన్నా నాకే కష్టమైంది. ఆకలితో మాడ్చడం కరుణా అనిపిస్తుంది. కానీ ఈ రకం చేపకి పొట్ట కుదించుకుపోయి ఉంటుంది. పేగులు, తేలడానికి పనికొచ్చే గాలితిత్తి ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. మేత ఎక్కువైనా, పైన తేలే గింజలతో పాటు గాలి మింగినా తలకిందులవుతుంది. మూడో రోజు ఉడికించిన పచ్చి బఠానీ తొక్క తీసి, చిదిపి, చిన్న ముక్క పెట్టాం.

ఆ ఒళ్లు అలా ఉండడం దాని పూర్వజన్మ కర్మ అనకండి. చైనాలో మామూలు కార్ప్ జాతి చేపల్లో బంగారు రంగుతో పుట్టినవాటిని బౌద్ధులు ఆరామాల కొలనుల్లో వదిలి కాపాడేవారు, చంపకూడదని. తర్వాత రాజులూ ధనికులూ ముచ్చటపడి పెంచారు. వందల ఏళ్లపాటు పొట్టిదాన్ని పొట్టిదానితో, ముద్ద తలదాన్ని ముద్ద తలదానితో జతకట్టించి ఈ రూపం తెచ్చారు. మనుషుల ముచ్చటకి అది ఊపిరాడక బతుకుతోంది. అందుకే కొనేముందు ఆలోచించమంటాను. ఒక్క చేపకే డెబ్బై అయిదు లీటర్లు కావాలట. మేం యాభైలో రెండు పెట్టాం, తెలియక.

అలాగని జీవదానం పేరుతో తీసుకెళ్లి చెరువులోనో కాలవలోనో వదలకండి. ఈ చేప అక్కడ బతకలేదు, దాని జబ్బు అక్కడి చేపలకి అంటుకోవచ్చు.

ఐదో రోజున మా ఆయన అన్నారు: "రెండు వందల చేపకి ఇంత సేవా? పోతే పోనివ్వు." విసుగుతో అన్నమాటే, నాకూ ఆ విసుగు ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు కథ ఆ రాత్రి మళ్లీ చదివాను. తథాగతుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. మిగతా భిక్షువులు ఎందుకు చూడలేదని అడిగితే, ఆయన వల్ల సంఘానికి ఉపయోగం లేదు కాబట్టి అన్నది జవాబు. ఆ సందర్భంలోనే రోగిని చూసేవాడికి ఉండాల్సిన లక్షణాలు వినయంలో చెప్పారు. మందు తయారు చెయ్యడం తెలియాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, మలమూత్రాలకి అసహ్యపడకూడదు, ఏదో వస్తుందని కాక మైత్రితో చెయ్యాలి, ధమ్మం చెప్పి ఉత్సాహపరచాలి. చివరిది చేపకి అక్కర్లేదు లెండి. కానీ చూడండి, మైత్రి ఒక్కటే చాలు అనలేదు. పడేదీ పడనిదీ తెలియాలన్నారు. నేను ప్రేమతోనే స్పాంజి కడిగాను. ఆ ప్రేమకి చిన్న చేప చచ్చిపోయింది.

రోగి తన బాధ ఉన్నదున్నట్టు చెప్పాలని కూడా అక్కడే ఉంది. చేప చెప్పదు. మనమే చూడాలి: మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయి, రెక్కలు ముడుచుకుందా, ఒంటిమీద తెల్లచుక్కలున్నాయా. పొలుసులు అనాసపండు తొక్కలా పైకి లేస్తే మాత్రం లోపల మూత్రపిండాలు దెబ్బతిని నీరు పట్టినట్టు. అలా ముదిరితే కోలుకునేవి తక్కువ. అప్పుడూ నీళ్లు బాగా ఉంచి, వెలుతురు తగ్గించి, దగ్గర ఉండాలి. ప్రాణం ఉండగా టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టేవాళ్లని చూశాను. అలా చెయ్యకండి.

లడ్డుకి అంతదాకా రాలేదు. కొట్టు కుర్రాడు జబ్బుల్లేని తన తొట్టిలోంచి ఒక పాత స్పాంజి ముక్క, జిగటతో సహా, కవర్లో కట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. దాన్ని మా ఫిల్టర్‌లో పెట్టాం. వారానికి లడ్డు నిటారుగా నిలబడింది. రెండో వారం నైట్రైట్ పెరిగింది, మళ్లీ నీళ్లు మార్చాం. నెల దాటాక అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. పాప క్యాలెండర్ మీద రోజూ రాసిన అంకెలు ఇంకా ఉన్నాయి. స్పాంజి ఇప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి మెల్లగా పిండుతున్నాం. పెద్ద తొట్టి కోసం చీటీ డబ్బులు చూస్తున్నాం. లడ్డు మేత తిన్న పూట కాస్త ఒక పక్కకి ఒరుగుతుంది, అది పోయేలా లేదు. మునిగే గింజలు నానబెట్టి పెడుతున్నాం.

దోషం సంగతి పిన్నిగారితో నేను వాదించలేదు. కిట్ తెచ్చి ఆవిడ ముందే చుక్కలు వేసి చూపించాను. మొన్న గుమ్మంలో నిలబడి పాపని అడుగుతున్నారు: "ఏమే, ఇవాళ పసుపే వచ్చిందా?" వాళ్ల తమ్ముడి ఇంట్లో చేపలు వరసగా పోతున్నాయట. ఆదివారం ఆ కిట్ తీసుకుని మమ్మల్ని రమ్మన్నారు.