ఓడ నిండా ‘గలోర్’

బోలెడు, కొల్లలు అనే అర్థంలో ఇంగ్లీషులో ‘గలోర్’ అనే మాట ఉంది. ఆ భాషలో విశేషణం మామూలుగా నామవాచకానికి ముందుంటుంది. ఇది మాత్రం వెనకే నడుస్తుంది. ‘గలోర్ బుక్స్’ అనకూడదు, ‘బుక్స్ గలోర్’ అనాలి. దీని పుట్టిల్లు ఐరిష్ భాష. అక్కడా అది నామవాచకం తర్వాతే వస్తుంది. అక్కడ దీనికి ‘చాలినంత’ అనే అర్థం కూడా ఉంది. మెట్టినింటికి వచ్చేసరికి అది లెక్కలేనంత అయింది!

ఈ మాటకు పేరు తెచ్చింది ఒక ఓడ. 1941 ఫిబ్రవరిలో స్కాట్లాండు పడమటి దీవి ఎరిస్కే దగ్గర ‘పొలిటీషియన్’ అనే సరుకు ఓడ రాళ్ళకు తగిలి ఆగిపోయింది. యుద్ధకాలం, ఊళ్ళో విస్కీ కరువు. ఓడ కడుపులో చూస్తే రెండు లక్షలకు పైగా విస్కీ సీసాలు. (పేరుకు తగ్గ ఓడే!) దీవివాళ్ళు రాత్రుళ్ళు పడవలేసుకెళ్ళి దొరికినన్ని దించుకున్నారు. కస్టమ్స్ అధికారులు వెంటపడ్డారు, కొందరు జైలుకూ వెళ్ళారు.

కాంప్టన్ మెకెంజీ 1947లో ఆ ఉదంతాన్ని ‘విస్కీ గలోర్’ నవలగా మలిచాడు. 1949లో సినిమా వచ్చింది. అమెరికాలో మాత్రం పేరులో మద్యం ఉండకూడదని ‘టైట్ లిటిల్ ఐలండ్’గా మార్చారు. ‘టైట్’ అన్నా తాగి ఉన్నవాడనే అర్థం ఉందని అభ్యంతరం చెప్పినవాళ్ళకు తట్టినట్టు లేదు.