ఎంగిలి పీపా

మా అయ్య నోటి వాసన నాకు ఇప్పటికీ గుర్తే. పులిసిన బెల్లం వాసన. నాటుసారా వాసన. ఆ వాసన గుమ్మం తొక్కగానే నేను పుస్తకం పట్టుకుని వీధి దీపం కిందికి పోయేవాణ్ణి. ‘నేను తాగను’ అన్న ఒట్టు మీదే చదివేను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. డీఎస్సీ రాసి గవర్నమెంటు మాస్టర్నయ్యేను. అలాంటి నేను సంక్రాంతి సెలవుల్లో విశాఖపట్నంలో ఒక నల్ల బీరు సీసా ముందు కూచున్నాను.

సీసా తెచ్చినవాడు డిగ్రీలో నా పక్క బెంచీవాడు. ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం. మా జలంత్రకోట దగ్గర వాళ్ళకి కొబ్బరితోట ఉండేది. ఆ తోటలో మా అయ్య గొప్పులు తవ్వేవాడు, కాయలు మోసేవాడు. వాళ్ళ పెరటి చూరులో మా అయ్యకోసం ఒక కొబ్బరి చిప్ప ఉండేది. అందులోకి టీ పైనుంచి పోసేవారు. తాగేక కడిగి మళ్ళీ చూరులో దోపాలి. నా చిన్నప్పుడు ఆ చిప్పని నేనూ కడిగేను.

వాడు సీసా విప్పి పొట్టి కాడున్న గాజు గ్లాసులో పోశాడు. తారులా ఉంది. పైన గోధుమరంగు నురగ. మామూలు బీరులో మత్తు నూటికి అయిదు పాళ్ళుంటే ఇందులో పద్నాలుగు.

“ఒరే, గుటుక్కున మింగీకు. నాలిక మీద కాసేపుంచు. ఏటి తగుల్తాదో చెప్పు” అన్నాడు.

ఉంచేను. వాడు చాక్లెట్ అన్నాడు, వెనిలా అన్నాడు, కాలిన చెక్క అన్నాడు. నాకు అడుగంటిన బెల్లంపాకం తగిలింది. గొంతు దిగేక వెచ్చగా ఒక ఆవిరి పైకొచ్చింది. అది మా అయ్య వాసన.

ఆ కాలిన చెక్క సంగతి వాడే చెప్పాడు. బూర్బన్ అమెరికా విస్కీ. సగానికి పైగా మొక్కజొన్నతో కాస్తారు. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే దాన్ని నిలవ చెయ్యాలని అక్కడి చట్టం. ఒకసారి బూర్బన్ నిలవ చేసిన పీపా మళ్ళీ బూర్బన్‌కి పనికిరాదు. దాన్ని వేరేవాళ్ళకి అమ్మేస్తారు. ఆ వాడేసిన పీపాల్లో నల్ల బీరు పోసి నెలల తరబడి ఉంచితే చెక్కలో ఇంకిన విస్కీ బీరులోకి దిగుతుంది. 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ అనే బీరు కంపెనీ దీనికి పేరు తెచ్చింది. ఇప్పుడు ఆ సీసాలకోసం జనం వరసల్లో నిలబడతారట.

అంటే ఏమిటి? అది ఎంగిలి పీపా. ఒకరు వాడి వదిలేసింది. ఆ ఎంగిలికే అంత ధర! మరి మా అయ్య పెదవి తగిలిన చిప్ప ఇంకెవరికీ పనికిరాకపోయిందేం? చెక్కకి లేని అంటు చిప్పకెలా వచ్చింది? అంటు వస్తువులో లేదు. ముట్టుకున్నవాడు ఎవడన్న లెక్కలో ఉంది. ఆ లెక్క రాసినవాడే ఏది ఎంగిలో, ఏది రుచో కూడా రాశాడు.

అక్కడా లెక్కలున్నాయి. టెనెస్సీలో జాక్ డానియల్‌కి విస్కీ కాచడం నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లమనిషి. బానిసగా బతికినవాడు. ఆ కంపెనీ ఆయన పాత్రని బాహాటంగా ఒప్పుకుంది 2016లో. సీసా మీద పేరొకరిది, చేతిలో విద్య ఇంకొకరిది.

నేను తాగుడిని వెనకేసుకు రావడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారంటే కూలిడబ్బు కుండలోకి రాకుండా పోయిందనే. మా అమ్మ కూడా ఆ బాధ పడ్డదే. వాళ్ళ కోపం న్యాయం. కానీ సర్కారు ఏం చేసింది? 1993 అక్టోబరులో సారా నిషేధించింది. బ్రాందీ, విస్కీ సీసాలు ఆగడానికి 1995 జనవరి దాకా పట్టింది. 1997లో మళ్ళీ సీసాలు తెరుచుకున్నాయి. సారాకి మాత్రం నిషేధం అలాగే ఉంది. కూలోడు తాగితే వ్యసనం, కలిగినోడు తాగితే ఖజానా. ఆ ఆడవాళ్ళడిగింది ఇదా?

ఈ ప్రశ్న నన్ను నేనూ అడుక్కోవాలి. మా అయ్య కిడ్నీలు పాడై పోయాడు. మా ఉద్దానంలో ఆ జబ్బు తెలియని ఊరు లేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. చుక్క ముట్టని మా మేనత్త కూడా దాంతోనే పోయింది. అయినా మా అయ్య పాడె దగ్గర ఊరంతా “తాగి తాగి పోనాడు” అంది. చదువుకున్న కొడుకుని, నేనూ అదే అన్నాను. నాడు నాది నీతి అనుకున్నాను. ఇప్పుడు అనుమానం. అయ్య తాగుడిని అసహ్యించుకున్నానా, అయ్యనే అసహ్యించుకున్నానా? వాడి గ్లాసుకి నాలిక మీద అంత ఓపిక చూపించిన నేను, మా అయ్య ఎందుకు తాగేడని ఒక్కనాడైనా పక్కన కూచుని అడిగేనా?

తాగడం అయ్యాక నాకు తెలీకుండానే లేచి నా గ్లాసు కడిగేను. చిన్ననాటి చెయ్యి అది, చెప్పకుండానే లేస్తుంది. “ఒగ్గీరా, పనమ్మాయి కడుగుతాది” అన్నాడు వాడు. సింకు కింద, సబ్బు డబ్బా పక్కన ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

“ఇదెవరిది?” అనడిగేను.

“పనమ్మాయిదే. మాయమ్మ అలా వేరే పెడతాది. పాతకాలం మనిషి కదా” అని నవ్వేడు.

చూరు పోయింది, సింకు వచ్చింది. చిప్ప పోయింది, స్టీలు వచ్చింది. నాకు మాత్రం గాజు గ్లాసిచ్చారు. ఉద్యోగానికిచ్చారో, మనిషికిచ్చారో తెలీదు. అప్పుడే అడగాల్సింది. నాలిక మీద ఇంకా తీపి ఉంది. నేను నోరెత్తలేదు. ఆ గ్లాసు మనిషి పొద్దున్నే వచ్చి నేను కడిగిన గాజు గ్లాసుని మళ్ళీ కడిగి ఉంటుంది.

మా అయ్యని ఒక్క మాటతో కొట్టేసిన నేను, నా స్నేహితుణ్ణి ఒక్క మాట అనలేకపోయాను. ఇదీ నా నీతి.

ఈ పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి వాడికి పంపుతాను. వాడు ఫోన్ చేస్తే ఈసారి అడుగుతాను.